సున్నపురాతిలోని నూనె – ‘తెలివైన నీరు’

నూనె బావుల దగ్గర భూమిలోకి నీరు ఎక్కించి నూనెను బయటికి రాబట్టే పద్ధతి కొత్తది కాదు. ఐతే ఇరవై ఏళ్ళుగా ఈ రంగంలో ఒక కొత్త వాదం బలపడుతున్నది. ఎక్కించే నీటిలో ఏ ఉప్పు ఎంత ఉండాలో చూచి సవరించినట్లయితే, మామూలు నీటికి లొంగని నూనె కూడ రాతిని వదలి వస్తుందని ఆ వాదం. ముఖ్యంగా సున్నపురాతి నిక్షేపాల విషయంలో దీనిని గురించి విరివిగా వ్రాస్తున్నారు. ఇట్లా సవరించిన నీటికి ‘స్మార్ట్ వాటర్’ అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పవలసివస్తే తెలివైన నీరు. పేరు ఆకర్షకంగానే ఉన్నది. కాని పేరు ముందు నడచి ఋజువు వెనుక నడవటం శాస్త్రానికి క్షేమం కాదు. ఈ వాదానికి ఆధారమైన ప్రయోగాలు ఏమి చూపినవి, ఏమి చూపలేదు, మన దేశానికి దీనివల్ల ఒరిగేదేమిటి అన్నది ఇక్కడ పరిశీలిద్దాము.

మన దేశం మాట ఊరికే ఎత్తలేదు. మనం వాడే ముడినూనెలో నూటికి 85 పాళ్ళకు పైగా దిగుమతి అవుతున్నది. ఇక దేశంలోనే దొరికే నూనెలో పెద్ద వాటా ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్నది ముంబయి హై. ముంబయి రేవుకు సుమారు 160 కిలోమీటర్ల దూరాన, సముద్రం 75 మీటర్ల లోతున్న చోట, ‘సాగర్ సమ్రాట్’ అనే త్రవ్వకపు వేదిక 1974లో దానిని బయటపెట్టింది. 1976లో నూనె తీయటం మొదలైనది. అక్కడ నూనెను దాచుకొన్న ప్రధాన శిల సున్నపురాయి. మన తెలుగు తీరానికి ఎదురుగా, కోనసీమలోని సూరసాని యానాం దాపున, రవ్వ క్షేత్రం ఉన్నది. దానిని 1987లో కనుగొన్నారు. ఐతే అక్కడి శిల ఇసుకరాయి. ఇసుకరాతి లెక్క వేరు, సున్నపురాతి లెక్క వేరు. ఎందుకు వేరో ముందు ముందు తేలుతుంది. కాబట్టి మనకు అసలు పరీక్ష ముంబయి హై దగ్గరే.

ముందుగా ఒక దురభిప్రాయాన్ని తొలగించుకోవాలి. పాఠశాలల్లో నల్లబల్ల మీద నూనె నిక్షేపాన్ని గీసేటప్పుడు సాధారణంగా ఒక గోపురం గీసి, దాని లోపల పైన వాయువు, మధ్య నూనె, అడుగున నీరు అని మూడు పొరలు నింపుతారు. చూచే పిల్లవానికి అది భూగర్భంలోని చెరువువలె కనిపిస్తుంది. చెరువైతే గొట్టం దింపి తోడుకోవచ్చు. చివరి చుక్కదాకా వస్తుంది. నిజానికి అక్కడ చెరువు లేదు, రాయే ఉన్నది. ఆ రాతిలోని సన్నని రంధ్రాలలో నూనె ఇమిడి ఉంటుంది. మా విద్యార్థులలో డిగ్రీ చదివే వారికి కూడ ఈ చెరువు బొమ్మ మనసులోనుంచి పోదు. ఆ బొమ్మ ఉన్నంతకాలం ‘నీటిలో ఉప్పు మారిస్తే నూనె ఎక్కువ వస్తుందా?’ అన్న ప్రశ్నకు అర్థమే ఉండదు. నీరు చెరువును నెట్టటానికి ఉప్పుతో పని ఏమి?

మంచిర్యాల ప్రాంతంవారికి సున్నపురాయి అంటే సిమెంటు కర్మాగారానికి పోయే రాయి. గట్టిది, చిక్కనిది. నీళ్ళు పోస్తే పైనుంచి జారిపోతవి. జీవులు గవ్వలు కట్టుకోవటం ఇంకా నేర్వని పురాతన కాలంలో ఏర్పడి, కోటానుకోట్ల ఏళ్ళ ఒత్తిడికి బిగిసిపోయిన రాయి అది. ముంబయి హై సున్నపురాయి వయస్సులో చాల చిన్నది, సుమారు రెండు కోట్ల ఏళ్ళ నాటి మయొసీన్ యుగానిది. సముద్ర జీవుల గుల్లలు పేరుకొని ఏర్పడటం వల్ల, పిమ్మట నీరు దానిని అక్కడక్కడ కరగించటం వల్ల అందులో రంధ్రాలు మిగిలినవి. రెండింటి రసాయన పదార్థం ఒకటే, కాల్షియమ్ కార్బొనేటు. నూనె నిలవటానికీ నిలవకపోవటానికీ రంధ్రాలే కారణం.

రంధ్రాలలో ఉన్నది గనుకనే నూనె అంతా రాదు. ఈ సంగతి బొగ్గుగనుల ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. భూగర్భ గనిలో గదులు, స్తంభాలుగా బొగ్గు తీసేటప్పుడు పైకప్పును మోయటానికి పిల్లర్లు వదలుతారు. మొదటి విడతలో బయటికి వచ్చే బొగ్గు కంటే పిల్లర్లలో మిగిలేదే ఎక్కువ. ఆ పిల్లర్లను తీయటం రెండవ విడత పని, కష్టమైన పని. నూనె బావి కూడ అంతే. మొదట భూగర్భ పీడనమే నూనెను పైకి నెడుతుంది. కొన్నాళ్ళకు పీడనం తగ్గి ధార సన్నబడుతుంది. అప్పుడు కొన్ని బావులగుండా నీరు ఎక్కించి, మిగిలిన బావులగుండా నూనెను రాబడతారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పాత బావుల తొడుగులు పాడై, పై పొరల నీరు పొరబాటున నూనె రాతిలోకి దిగినప్పుడు, ప్రక్క బావులలో నూనె పెరగటం గమనించారు. దీనివల్ల లాభం ఉండవచ్చునని జాన్ కార్ల్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1880లోనే వ్రాశాడు. అక్కడి చట్టం మాత్రం 1921 వరకు దానిని అనుమతించలేదు. ముంబయి హైలో సముద్రపు నీటిని ఎక్కించటం 1984లో ప్రారంభించారు. ఇంత చేసినా ప్రపంచంలోని క్షేత్రాలలో సగటున మూడింట ఒక వంతు నూనె మాత్రమే పైకి వస్తుందని అంచనా. తక్కిన రెండు వంతులు రాతిలోనే.

అవి ఎందుకు మిగులుతవి? ఒక కారణం యాంత్రికమైనది. సున్నపురాతిలో బీటలు ఎక్కువ. ఎక్కించిన నీరు సులభమైన దారి వెదకుకొని బీటలగుండా పోయి ఉత్పత్తి బావిలో తేలుతుంది. బీటల మధ్య ఉన్న రాతిముద్దలలో నూనె అట్లాగే ఉంటుంది. రెండవ కారణం రసాయనికమైనది, మన చర్చకు మూలమైనది.

కొత్త కుండలో నీరు పోస్తే కుండ వెలుపల చెమరుస్తుంది. మట్టి నీటిని తనలోకి లాగుకొంటుంది. అదే కుండలో కొన్నాళ్ళు నూనె పోసి వాడి, కడిగి, నీరు పోయండి. చెమర్చదు. మట్టి అదే, రంధ్రాలు అవే, కాని లోపలి గోడలకు నూనె అంటుకొన్నది. ఇక నీటిని లోపలికి పీల్చదు. రాయి నీటికి తడుస్తుందా, నూనెకు తడుస్తుందా అనే ఈ గుణంలోనే కీలకం ఉన్నది. నీటికి తడిసే రాయి ఐతే, బీటలో నీరు నిలవగానే కేశాకర్షణ చేత రాతిముద్ద ఆ నీటిని లోనికి పీల్చుకొని నూనెను బయటికి నెట్టివేస్తుంది. నూనెకు తడిసే రాయి ఐతే నీటిని రానీయదు.

సున్నపురాయి ఎక్కువగా నూనె పక్షమే. కారణం మన ఇళ్ళలో బట్టలు ఉతికే చోటనే కనిపిస్తుంది. ఉప్పునీటి బావి నీళ్ళలో సబ్బు నురుగు రాక, తెల్లని తెట్టు కట్టి గోలెం అంచున అంటుకొంటుంది. సబ్బులోని కొవ్వు ఆమ్లం నీటిలోని కాల్షియమ్‌ను పట్టుకొని కరగని పదార్థంగా మారటమే దానికి కారణం. ముడినూనెలో కూడ కొవ్వు ఆమ్లాల జాతికి చెందిన కార్బాక్సిలిక్ ఆమ్లాలు కొద్దిగా ఉంటవి. సున్నపురాతి ఉపరితలం నిండా కాల్షియమ్. నిక్షేపంలోని పాత నీటిలో కాల్షియమ్ సమృద్ధిగా ఉండటం చేత ఆ ఉపరితలం ధన విద్యుదావేశం కలిగి ఉంటుంది. ఆమ్లాలది ఋణావేశం. రెండూ అంటుకొంటవి. లక్షల ఏళ్ళుగా గోలెం అంచున కట్టిన సబ్బు తెట్టువంటిది అక్కడ పేరుకొని ఉన్నదనుకోండి. ఇసుకరాతిలోని క్వార్ట్జు, బంకమన్ను ఋణావేశం కలవి. అక్కడ అంటుకొనే తీరు వేరు. ఇసుకరాతిలో జరిగినదాన్ని సున్నపురాతికి అన్వయించటం, లేక దీనిని దానికి అన్వయించటం సరికాదనటానికి ఇదే ఆధారం.

ఇక అసలు కథ నార్వేలో మొదలైనది. ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ క్షేత్రాన్ని 1969లో కనుగొన్నారు, 1971లో ఉత్పత్తి ఆరంభించారు. అది మెత్తని సుద్దరాయి. అదీ కాల్షియమ్ కార్బొనేటే. పీడనం తగ్గినకొద్దీ సుద్ద నలిగి, సముద్రపు అడుగు క్రుంగిపోవటం 1984లో గమనించారు. 1987లో వేదికలను జాకీలతో ఆరు మీటర్లు పైకి లేపవలసివచ్చింది. సింగరేణి గనులలో పిల్లర్లు తీసిన చోట పైకప్పు కూలకుండా గోదావరి ఇసుకను నీటిలో కలిపి గొట్టాలగుండా పంపి నింపే పద్ధతి ఉండేది గదా. ఎకోఫిస్క్‌లో పీడనం నిలపటానికి అదే 1987 నుంచి సముద్రపు నీటిని పెద్ద ఎత్తున ఎక్కించసాగారు. సుద్దలోని రంధ్రాలు అతి సన్నని వైనా ఆ నీరు ఆశించినదానికి మించి పని చేసింది. మొదట నూటికి 17 పాళ్ళు మాత్రమే రాగలదని అంచనా వేసిన క్షేత్రం నుంచి ఇప్పుడు 50 పాళ్ళకు పైగా రాగలదని లెక్క కడుతున్నారు.

ఈ పెరుగుదల అంతా నీటిలోని ఉప్పుల మహిమ అని కొన్ని రచనలలో చదివినప్పుడు నాకు అభ్యంతరం కలుగుతుంది. కొత్త బావులు, పీడనం నిలవటం, సుద్ద నలగటం వల్లనే పిండినట్లు వచ్చిన నూనె, ఇవన్నీ ఆ లెక్కలో కలిసి ఉన్నవి. ఉప్పుల వాటా ఎంతో విడదీసి చూపటం క్షేత్రంలో సాధ్యం కాదు. ప్రయోగశాలలోనే చూడాలి.

అట్లా చూచినవారిలో ముఖ్యులు స్టవాంగర్ విశ్వవిద్యాలయంలోని టోర్ ఔస్టాడ్, ఆయన సహచరులు. 2000 తరువాతి దశాబ్దంలో వారు సుద్దరాతి ముక్కలకు నూనె పట్టించి, రకరకాల నీళ్ళలో నానవేసి, ఎంత నూనె బయటికి తేలుతుందో కొలిచారు. సముద్రపు నీటిలోని సల్ఫేటు అయానులను పెంచితే నూనె పెరిగింది. సల్ఫేటు తీసివేస్తే తగ్గింది. ఐతే సల్ఫేటు ఒక్కటే ఉంటే చాలదు. దానితో కాల్షియమ్ గాని మెగ్నీషియమ్ గాని ఉండాలి. ఉష్ణోగ్రత ఎక్కువగా, నీరు మరిగే వేడికి దాపుగా గాని దానికి పైన గాని, ఉన్నప్పుడు ఈ ప్రభావం బాగా కనిపించింది. వారి వివరణ ఇది: ఋణావేశం గల సల్ఫేటు వచ్చి సున్నపురాతి ధనావేశాన్ని తగ్గిస్తుంది. దానితో నీటిలోని కాల్షియమ్‌కు రాతి దగ్గరికి రావటానికి వీలు కలుగుతుంది. అది వచ్చి నూనె ఆమ్లాన్ని పట్టుకొని రాతినుంచి విడదీస్తుంది. మరింత వేడిలో మెగ్నీషియమ్ రాతి ఉపరితలం మీది కాల్షియమ్ స్థానాన్నే ఆక్రమించి, ఆమ్లాన్ని అంటిపెట్టుకొన్న కాల్షియమ్‌ను తోసివేస్తుంది. సబ్బు తెట్టు ఉదాహరణే తీసుకొంటే, తెట్టును గోకటం కాదు, తెట్టు క్రింది పట్టునే సడలించటం.

ఈ ప్రయోగాలలో నాకు నచ్చినది ఒకటున్నది. ఒక్కొక్క అయానును విడివిడిగా మార్చి చూచారు. తీసివేసి చూచారు, పెంచి చూచారు, జంటను విడగొట్టి చూచారు. రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి ప్రయోగ నిర్మాణం ఎట్లా ఉండాలో చూపటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు. లోపమూ ఉన్నది. ఈ పరీక్షలలో చాలవాటికి వాడిన రాయి నూనె నిక్షేపంలోనుంచి తీసినది కాదు. డెన్మార్కు సముద్ర తీరంలోని స్టెవ్న్స్ క్లింట్ కొండచరియ నుంచి తెచ్చిన శుభ్రమైన సుద్ద. ఎన్నడూ నూనె చూడని రాతికి ప్రయోగశాలలో కొన్ని వారాలు నూనె పట్టిస్తే, లక్షల ఏళ్ళు నూనెలో నానిన రాతికి అది ప్రతినిధి అవుతుందా? అవుతుందని ఊరక నమ్మలేము.

ఇక రెండవ శాఖ సౌదీ అరేబియాది. అక్కడ సౌదీ ఆరామ్కో సంస్థలో అలీ యూసెఫ్ బృందం 2010 ప్రాంతంలో ప్రకటించిన ఫలితాలే ‘స్మార్ట్ వాటర్’ పేరును లోకానికి చాటినవి. వారు నిక్షేపంలోని అసలు సున్నపురాతి ముక్కలను తీసుకొన్నారు. ఇది మెచ్చదగినది. ఆ రాతిలోని సహజ జలంలో లీటరుకు 200 గ్రాములకు పైగా ఉప్పులున్నవి. గల్ఫు సముద్రపు నీటిలో సుమారు 57 గ్రాములు. మామూలు సముద్రంలో 35 గ్రాములే గదా. మొదట గల్ఫు నీటిని పంపారు. ఒక ప్రయోగంలో రాతిలోని నూనెలో నూటికి సుమారు 67 పాళ్ళు వచ్చినవి. ఇక రాదన్న తరువాత అదే నీటిని మంచినీటితో రెండింతలకు పలుచన చేసి పంపారు. మరి 7 పాళ్ళు వచ్చినవి. పదింతలకు పలుచన చేస్తే ఇంకొక 10. ఇరవై ఇంతలకు పలుచన చేస్తే ఒకటిన్నర. నూరింతలకు ఏమీ లేదు. మొత్తం మీద అదనంగా నూటికి 18 పాళ్ళు. ఈ చివరి అంకెనే ఎక్కువమంది ఉదహరిస్తారు.

ఈ అంకెను ఎట్లా చదవాలి? పలుచనలను వరుసగా ఒకే రాతిముక్క మీద ప్రయోగించారు. ఇరవై ఇంతల నీరు తక్కువ ఇచ్చిందంటే అది బలహీనమైన నీరు కావటం చేతనా, లేక అంతకుముందే పదింతల నీరు ఉన్నదంతా తోడివేయటం చేతనా? ఈ ప్రయోగం దానికి సమాధానం చెప్పదు. ‘పదింతల పలుచనే శ్రేష్ఠం’ అని దీని నుంచి తేల్చటం, మూడవ పంక్తిలో భోజనానికి కూర్చున్నవాడు తక్కువ తిన్నాడు గనుక వంట బాగాలేదనటం వంటిది. మరొకటి. రాతిముక్క పొడవు జానెడు, మూరెడు ఉంటుంది. దానిగుండా రంధ్రాల మొత్తం ఘనపరిమాణానికి ఎన్నో రెట్ల నీటిని కొన్ని రోజులలో పంపగలము. క్షేత్రంలో ఒక బావి నుంచి మరొక బావికి వందల మీటర్లు. రంధ్రాల పరిమాణానికి ఒక్క రెట్టు నీరు పంపటానికే దశాబ్దాలు పడుతవి. దారిలో ఆ పలుచని నీరు భూమిలోని ఉప్పని నీటితో కలిసి తన పలుచదనాన్ని పోగొట్టుకొంటుంది. ప్రయోగశాలలోని పద్దెనిమిదిలో క్షేత్రానికి మిగిలేది ఎంత అన్నది ఆ పద్దెనిమిదిని చూచి చెప్పలేము.

ఆ బృందం ప్రయోగశాలతో ఆగలేదన్న మాట నిజమే. బావిలో కూడ పరీక్షించారు. ఒకే బావిలోకి గుర్తు రసాయనాన్ని కలిపిన నీటిని పంపి, తిరిగి తోడి, చుట్టూ రాతిలో మిగిలిన నూనె ఎంతో కొలిచే పద్ధతి ఒకటున్నది. సవరించిన నీటి తరువాత ఆ మిగులు రంధ్రాల పరిమాణంలో సుమారు 7 పాళ్ళు తగ్గినట్లు 2012లో ప్రకటించారు. ఇది విలువైన సాక్ష్యం. ఐతే ఈ పరీక్ష బావి చుట్టూ కొద్ది మీటర్ల రాతిని మాత్రమే చూస్తుంది. నీరు అంత దూరం ఎట్లాగూ చేరుతుంది. చిక్కంతా దూరం చేరటంలో ఉన్నది.

ఇప్పుడు ఒక వైరుధ్యం గమనించండి. స్టవాంగర్ వారు సల్ఫేటు పెంచమంటున్నారు. ఆరామ్కో వారు నీటిని పలుచన చేశారు. పలుచన చేస్తే సల్ఫేటు కూడ తగ్గుతుంది గదా! ఇద్దరి నీరూ ‘తెలివైన’దే. ఐతే ఒకరి తెలివి మరొకరికి మూర్ఖత్వం కావాలి. స్టవాంగర్ సుద్ద మీద సముద్రపు నీటిని ఊరక పలుచన చేసి పంపితే నూనె పెరగక పోగా తగ్గింది. సోడియమ్ క్లోరైడును మాత్రమే తీసివేసి, సల్ఫేటు, కాల్షియమ్, మెగ్నీషియమ్ ఉంచితే పెరిగింది. అంటే పలుచదనంలో స్వతహాగా మహిమ లేదు. గుంపుగా అడ్డు నిలిచే మామూలు ఉప్పు తగ్గి, పనిచేసే అయానులకు దారి దొరకటం ముఖ్యం.

మరి అరేబియా రాతిలో పలుచన ఎట్లా పనిచేసింది? దీనికి ఔస్టాడ్ బృందమే 2012 ప్రాంతంలో ఒక సమాధానం సూచించింది. అక్కడి సున్నపురాతిలో ఆన్‌హైడ్రైటు, అనగా నీరు లేని జిప్సమ్, కొద్దిగా కలిసి ఉంటుంది. అది కాల్షియమ్ సల్ఫేటు. పలుచని నీరు తగిలినప్పుడు అది కరగి, సల్ఫేటును అక్కడికక్కడే విడుదల చేస్తుంది. నీటితో సల్ఫేటు పంపకపోయినా రాయే ఇస్తున్నదన్న మాట. ఈ వివరణ నిజమైతే ఆన్‌హైడ్రైటు లేని సున్నపురాతిలో పలుచని నీరు పంపి లాభం లేదు. ఇది చక్కని సిద్ధాంతం. తనను తాను తప్పని ఋజువు చేయగల పరీక్షను కూడ చెబుతున్నది. ఐనా వివాదం ముగియలేదు. సున్నపురాయే కొంచెం కరగి, పైపొరతో పాటు నూనెను వదలుతుందని కొందరంటారు. రాతికీ నూనెకూ నడుమనున్న నీటిపొరలో విద్యుదావేశపు పొర మందం పెరిగి రెండింటినీ ఎడబాపుతుందని మరికొందరంటారు. అన్నీ కొంతకొంత నిజం కావచ్చు, రాతిని బట్టి పాళ్ళు మారవచ్చు.

కాబట్టి తెలివి నీటిది అనటమే తప్పు. నీరు, నూనె, రాయి మూడింటికి పొసగటంలో ఉన్నది అసలు విషయం. నూనెలో ఆమ్లాల పాలు తక్కువైతే రాయి మొదటే నీటి పక్షం కావచ్చు, సవరించవలసిందే ఉండదు. రాయి చల్లనిదైతే సల్ఫేటు సోమరి. ఒక చోట ఫలించిన నీటిని సీసాకెత్తి మరొక చోటికి తీసుకొనిపోలేము. అందుచేత తెలుగులో దీనికి ‘సవరించిన నీరు’ అన్న పేరు చాలునని నా అభిప్రాయం. సవరించిన అనగానే దేనికొరకు సవరించారు అన్న ప్రశ్న వస్తుంది. తెలివైన అంటే ప్రశ్న ఆగిపోతుంది.

ఖర్చు లెక్క వ్రాయని రచనలు కూడ ఎక్కువగా కనిపిస్తున్నవి. సల్ఫేటు మంచిదని అందరూ ఒప్పుకొన్నా, దానికి శత్రువులున్నారు. భూగర్భ జలంలో బేరియమ్ ఉంటే సల్ఫేటుతో కలిసి బేరియమ్ సల్ఫేటుగా గొట్టాలలో గడ్డకడుతుంది. ఆమ్లం పోసినా అది కరగదు. కొన్ని రకాల బాక్టీరియా సల్ఫేటును తిని హైడ్రోజన్ సల్ఫైడు వాయువును పుట్టిస్తవి. అది విషం, ఇనుమును తినే వాయువు. ఈ బాధ పడలేకనే ఉత్తర సముద్రంలోని సౌత్ బ్రే క్షేత్రంలో 1988 నుంచి పొరలగుండా వడగట్టి, సముద్రపు నీటిలోని సల్ఫేటును తీసివేసి ఎక్కించసాగారు. అదే సముద్రంలో ఒకరు సల్ఫేటును పారవేయటానికి యంత్రం పెట్టుకోగా, మరొకరు దానినే మందుగా భావిస్తున్నారు. ఇద్దరూ తమ తమ రాతికి తగినట్లు సరిగానే చేస్తుండవచ్చు.

పలుచని నీరు కావాలంటే సముద్రం మధ్య మంచినీరు తయారుచేయాలి. వేదిక మీద ప్రతి చదరపు మీటరుకు, ప్రతి టన్ను బరువుకు వెల ఉన్నది. ఈ ఖర్చును భరించి ముందుకు పోయిన ఉదాహరణ స్కాట్లాండుకు ఆవల బిపి సంస్థ నడిపే క్లెయిర్ రిడ్జ్. 2018లో ఉత్పత్తి మొదలైన ఆ క్షేత్రంలో తక్కువ ఉప్పు గల నీటిని తయారుచేసే యంత్రాలను మొదటి నుంచే వేదిక మీద అమర్చారు. ఐతే అది ఇసుకరాయి. అక్కడి పద్ధతికి పునాది వ్యోమింగ్‌లో నార్మన్ మారో 1990లలో ఇసుకరాతి మీద చేసిన ప్రయోగాలు. బంకమన్ను పాత్ర అందులో ముఖ్యం.

2025 జనవరిలో మన చమురు, సహజవాయు సంస్థ ముంబయి హై ఉత్పత్తి పెంచటానికి సాంకేతిక సలహాదారుగా ఇదే బిపిని ఎంచుకొన్నది. అనుభవం గల సంస్థ సలహా తీసుకోవటంలో తప్పు లేదు. కాని క్లెయిర్ రిడ్జ్ అనుభవాన్ని ముంబయి హై సున్నపురాతికి చూపించి ఎవరైనా వాదిస్తే, మొదట రాతి జాతి అడగాలి. ముంబయి హైకి 1984 నుంచి ఎక్కిస్తున్నది సముద్రపు నీరే. అందులో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు, 1.3 గ్రాముల మెగ్నీషియమ్, 0.4 గ్రాముల కాల్షియమ్ సహజంగానే ఉన్నవి. స్టవాంగర్ వారి మాట ప్రకారం ఆ క్షేత్రం నాలుగు దశాబ్దాలుగా కొంతవరకు ‘తెలివైన’ నీటినే త్రాగుతున్నది. అదనపు సవరణ వల్ల కలిగే లాభాన్ని ఈ సముద్రపు నీటితో పోల్చి కొలవాలి. చాల ప్రయోగాలలో భూగర్భపు ఉప్పునీటితో పోల్చి లాభం చూపుతారు. ఆ లాభంలో కొంత మనకు ముందే ముట్టి ఉండవచ్చు. ఈ ఒక్క భేదం పట్టించుకోకపోతే లెక్క పెద్దదిగా కనిపిస్తుంది.

ఈ పని చేయటానికి పరాయి దేశం పోనవసరం లేదు. 1978లో అహమ్మదాబాదులో నెలకొల్పిన రిజర్వాయరు అధ్యయన సంస్థ ఉన్నది. ముంబయి హై రాతి ముక్కలు ఉన్నవి, అక్కడి నూనె ఉన్నది. ఆ నూనెలో ఆమ్లం పాలు ఎంతో, రాతిలో ఆన్‌హైడ్రైటు ఉన్నదో లేదో ముందు చూడాలి. తరువాత క్షేత్రపు వేడిలో, ఒకే రకపు రాతిముక్కలను కొన్నింటిని తీసుకొని, ఒక దానికి మామూలు సముద్రపు నీరు మాత్రమే చివరిదాకా, మరొక దానికి మొదటినుంచే సవరించిన నీరు, ఇంకొక దానికి సోడియమ్ క్లోరైడు తీసిన నీరు, వేరువేరుగా పంపాలి. ఒకే ముక్క మీద వరుస పెట్టకూడదు. అక్కడ తేడా తేలితేనే ఒక బావిలో గుర్తు రసాయనపు పరీక్ష. అది కూడ నిలిస్తే, నీరు ఒక బావి నుంచి మరొక బావికి నడిచే జంట బావుల పరీక్ష. ఆ జంట బావులను ఎన్నుకొనేటప్పుడు బీటలు తక్కువగా ఉన్న భాగాన్నే చూడవలసి ఉంటుంది. లేకుంటే సవరించిన నీరు బీటవెంట పరుగెత్తి, రాతిని తాకకుండానే ఎదుటి బావిలో తేలుతుంది.